ఇసుక గాడిలో కాలినడక

మానవుడు నేర్చిన ప్రయాణ సాధనాలలో నడక మొదటిది. అయితే అన్ని నేలలూ పాదానికి ఒకే విధంగా సహకరించవు. గట్టి నేల తనపై మోపిన పాదాన్ని వెంటనే ముందుకు సాగనిస్తుంది. ఇసుక అలా చేయదు. మోపిన పాదాన్ని కొంత లోపలికి దించుకొని, కొంత వెనుకకు జార్చి, ఆ తరువాతనే విడిచిపెడుతుంది. వేసవిలో గోదావరి, కృష్ణ, పెన్న నదులలో సన్నని నీటిపాయను చేరడానికి ఇసుక మేటల మీదుగా నడిచినవారికి ఈ సంగతి ఒకరు చెప్పవలసిన పనిలేదు. ఈ అనుభవాన్నే బెల్జియం దేశపు శాస్త్రజ్ఞులు 1998లో ప్రచురించిన ఒక పరిశోధనలో అంకెలతో నిరూపించారు. ఒకే వేగంతో నడిచేటప్పుడు గట్టి నేలమీద కంటే ఇసుకలో 2.1 నుండి 2.7 రెట్ల శక్తి ఖర్చవుతుందని వారు తేల్చారు. అంటే ఇసుకలో నాలుగు కిలోమీటర్లు నడిచినవాడు, గట్టి దారిలో సుమారు పది కిలోమీటర్లు నడిచినంతగా అలసిపోతాడన్నమాట.

అలసిన శరీరం సులువైన దారిని వెదకుతుంది. ఇసుక తిన్నెల మీద ఆ సులువైన దారి ఏదంటే, అంతకుముందు వెళ్లిన వాహనాల చక్రాల గాడి. ఒకటి రెండు బండ్లు పోయిన జాడలో ఇసుక కొంత అణగి, పాదం తక్కువగా దిగుతుంది. ఎక్కువ బండ్లు తిరిగి ఇసుక మళ్లీ గుల్లబారినా, ఏ దిబ్బను ఎక్కడ ఎక్కాలో, ఎక్కడ దాటాలో ఆ జాడ చూపుతుంది. కనుక పాదచారి తెలియకుండానే ఆ గాడిలోకి వస్తాడు. తెలుగు నుడికారంలో గాడి మంచి మాట. చెడిన పని చక్కబడితే గాడిన పడింది అంటారు. మనిషి చెడితే గాడి తప్పాడు అంటారు. ఎడ్లబండ్ల కాలపు పల్లెదారులకు ఈ మాటలు సరిపోతాయి. ఎద్దు నడక మనిషి నడకకు మించినది కాదు. వెనుక వచ్చే బండి మువ్వల సవ్వడి చాలా దూరం నుండే వినిపిస్తుంది. కాని మోటారు వాహనాలు తిరిగే ఇసుక తిన్నెల మీద ఈ నుడికారం తలక్రిందులవుతుంది. అక్కడ గాడి తప్పి నడవడమే క్షేమం. ఎందుకో తెలియాలంటే అటువంటి ఒక ప్రదేశాన్ని దగ్గరగా పరిశీలించాలి.

అమెరికా సంయుక్త రాష్ట్రాల పశ్చిమ తీరంలో ఒరెగాన్ రాష్ట్రం ఉంది. అక్కడ ఫ్లోరెన్స్ అనే చిన్న పట్టణం నుండి దక్షిణంగా కూస్ బే వరకు, పసిఫిక్ మహాసముద్రపు ఒడ్డున సుమారు 64 కిలోమీటర్ల పొడవున ఇసుక తిన్నెలు వ్యాపించి ఉన్నాయి. ఇది ఎడారి కాదు. పైన్, ఫర్ వృక్షాల దట్టమైన అడవికీ సముద్రానికీ నడుమ, వానలు పుష్కలంగా కురిసే చోట పరచుకొన్న ఇసుక ఇది. కొన్ని దిబ్బలు సముద్రమట్టం నుండి 150 మీటర్ల ఎత్తు వరకు లేస్తాయి. 1972లో అమెరికా కాంగ్రెసు ఈ ప్రాంతాన్ని ఒరెగాన్ డ్యూన్స్ జాతీయ వినోద ప్రదేశంగా ప్రకటించింది. దీని నిర్వహణ ఆ దేశపు అటవీశాఖది.

ఈ ఇసుకకు సాహిత్యంతో కూడ ఒక సంబంధం ఉంది. 1957లో ఫ్రాంక్ హెర్బర్ట్ అనే రచయిత ఫ్లోరెన్స్‌కు వచ్చాడు. కదిలే ఇసుకను గడ్డి నాటి ఆపే ప్రయత్నాలు అప్పుడు అక్కడ జరుగుతున్నాయి. వాటి మీద పత్రికా వ్యాసం వ్రాయాలని అతని సంకల్పం. ఆ వ్యాసం పూర్తి కాలేదు కాని, ఆ పరిశీలన నుండి పెరిగిన ఆలోచన 1965లో ‘డ్యూన్’ అనే సుప్రసిద్ధ నవలగా వెలువడింది. ఇక గడ్డి సంగతి. రోడ్ల మీదికి, ఇళ్ల మీదికి ఇసుక రాకుండా ఆపడానికి ఐరోపా నుండి తెచ్చి నాటిన ఆ గడ్డి అనుకొన్న దానికంటే ఎక్కువగా విస్తరించింది. సముద్రపు టంచున అది ఒక గట్టును కట్టి, ఒడ్డు నుండి లోపలికి కొత్త ఇసుక రాకుండా చేసింది. ఫలితంగా, విశాలంగా ఉండిన తెరపి ఇసుక ఏటేటా తగ్గిపోతున్నది. మిగిలిన ఇసుకనే నడిచేవారు, బండ్లు నడిపేవారు పంచుకోవలసి వస్తున్నది. ఇసుకను ఆపడానికి నాటిన గడ్డి మనుషులను ఒకచోటికి నెట్టుతుందని నాటినవారు ఊహించి ఉండరు.

ఇక్కడికి వచ్చే వాహనాలు పలు రకాలు. లావుపాటి మెత్తని టైర్లతో, గుర్రం మీద కూర్చున్నట్లు కూర్చొని నడిపే నాలుగు చక్రాల చిన్న బండ్లు కొన్ని. ఇద్దరు ముగ్గురు పక్కపక్కన కూర్చొనే, ఇనుప చట్రపు బగ్గీలు కొన్ని. ఇసుకలో తిరిగే మోటారు సైకిళ్లు కొన్ని. వెనుక చక్రాలకు తెడ్లవంటి పట్టీలు ఉన్న టైర్లు అమర్చుకొన్నవి మరికొన్ని. ఆ తెడ్లు ఇసుకను వెనుకకు తోడిపోస్తూ బండిని నిటారు వాలు మీదికి సైతం ఎక్కిస్తాయి. వీటిని నడిపేవారంతా నిర్లక్ష్యపరులని భావించడం పొరపాటు. చాలామంది కుటుంబాలతో వచ్చేవారు. శిరస్త్రాణాలు ధరించి, నియమాలు తెలిసి నడిపేవారు. ప్రమాదం మనుషుల స్వభావంలో కంటే ఇసుక దిబ్బ ఆకారంలో ఎక్కువగా దాగి ఉన్నది.

ఇసుక దిబ్బకు రెండు ముఖాలు ఉంటాయి. గాలి వీచే వైపున వాలు మెల్లగా, సుమారు 10 నుండి 15 డిగ్రీల కోణంలో పైకి లేస్తుంది. గాలి ఇసుక రేణువులను ఆ వాలు మీదుగా దొర్లించుకొని, ఎగరవేసుకొని పోయి శిఖరాన్ని దాటించి విడిచిపెడుతుంది. అవి అవతలి వైపున పోగుపడి, ఇక నిలువలేనంత నిటారుగా అయినప్పుడు జారిపోతాయి. అందుచేత ఆ అవతలి ముఖం ఎప్పుడూ 33, 34 డిగ్రీల దగ్గర నిలిచి ఉంటుంది. పొడి ఇసుక అంతకంటే నిటారుగా నిలువదు. దీనిని జారుడు ముఖం అనవచ్చు. ఈ విషయాలను శాస్త్రీయంగా వివరించిన తొలి గొప్ప గ్రంథం బ్రిటిష్ సైనిక ఇంజనీరు రాల్ఫ్ బాగ్నోల్డ్ 1941లో ప్రకటించినది. ఆయన స్వయంగా లిబియా ఎడారిలో మోటారు కార్లను నడిపి, టైర్లలో గాలి తగ్గిస్తే అవి ఇసుకలో దిగబడవని అనుభవంతో గ్రహించినవాడు. నేటికీ ఇసుకలో బండి నడిపేవారు మొదట చేసే పని టైర్లలో గాలి తగ్గించడమే.

ఒరెగాన్ తీరంలో మరొక విశేషం ఉంది. వేసవిలో గాలి వాయవ్యం నుండి వీస్తుంది. శీతాకాలపు తుఫానులు నైరుతి నుండి వస్తాయి. కాబట్టి చిన్న దిబ్బల జారుడు ముఖాలు ఋతువును బట్టి దిక్కు మార్చుకొంటాయి. జనవరిలో చూచి వెళ్లినవాడు జూలైలో మళ్లీ వస్తే, మెల్లని వాలు అనుకొన్న చోట నిటారైన జారుడు ఎదురు కావచ్చు. ఈ నేల విషయంలో జ్ఞాపకాన్ని నమ్మరాదు.

ఇప్పుడు దిబ్బ ఎక్కుతున్న బండివాని స్థితిని ఊహించాలి. మెత్తని ఇసుకలో ఎత్తు ఎక్కే వాహనం వేగాన్ని కోల్పోతే అక్కడే దిగబడుతుంది. వాలు మీద అడ్డంగా తిప్పితే దొర్లిపోయే భయం ఉంది. కాబట్టి అతడు వేగాన్ని నిలుపుకొంటూ తిన్నగా పైకి రావాలి. బండి ముందుభాగం ఆకాశం వైపు లేచి ఉంటుంది. అతని కంటికి కనిపించేది శిఖరపు గీత, దానిపైన ఆకాశం. అవతల ఏమున్నదీ శిఖరం చేరేవరకు తెలియదు. అనుభవజ్ఞులు శిఖరం దగ్గరకు రాగానే వేగం తగ్గించి, పక్కకు కొద్దిగా మళ్లి, తొంగి చూచి గాని దిగరు. అందరూ అనుభవజ్ఞులు కారు. అనుభవజ్ఞులకు కూడ ప్రతిసారీ ఆ అవకాశం దొరకదు.

అదే సమయంలో పాదచారి ఏమి చేస్తాడు? దిబ్బ ఎక్కి అలసిపోతాడు. శిఖరం మీద గాలి విసురుగా ఉంటుంది. ఎగిరే ఇసుక ముఖాన్ని కొడుతుంది. అందుకని రెండు మూడు అడుగులు అవతలికి దిగి, గాలి సోకని జారుడు ముఖం మీద హాయిగా కూర్చుంటాడు. నీళ్లు త్రాగుతాడు. పిల్లలుంటే వారు అక్కడే జారుతూ ఆడుకొంటారు. ఇసుక తిన్నెల మీద అంతకంటే సుఖమైన చోటు మరొకటి లేదు. అంతకంటే అపాయకరమైన చోటు కూడ మరొకటి లేదు.

వాహనం కనబడడానికి ఒరెగాన్‌లో ఒక నియమం పెట్టారు. ఇసుక మీద తిరిగే నాలుగు చక్రాల బండ్లకు పొడవాటి సన్నని కర్ర కట్టి, దాని చివర నేల నుండి 9 అడుగుల ఎత్తున ఎర్రని లేక నారింజరంగు జెండా ఎగురవేయాలి. బండి దిబ్బ వెనుక ఉన్నా జెండా ముందుగా కనిపిస్తుందని దీని ఉద్దేశం. ఈ ఏర్పాటు ఎంతవరకు కాపాడుతుందో లెక్కవేసి చూడవచ్చు. 9 అడుగులంటే సుమారు 2.7 మీటర్లు. వాలు 12 డిగ్రీలు అనుకొందాం. శిఖరానికి సరిగా సమానమైన ఎత్తులో కన్నులున్న మనిషికి, బండి శిఖరానికి 13 మీటర్ల దూరంలోకి వచ్చినప్పుడు జెండా కొస కనబడుతుంది. బండి గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వస్తున్నదనుకొంటే అది సెకనుకు 11 మీటర్లు సాగుతుంది. అంటే ఆ మనిషికి దొరికే వ్యవధి ఒక సెకను కంటే కొంచెం ఎక్కువ. జారుడు ముఖం మీద చేరగిలబడి కూర్చున్నవాని స్థితి ఇంకా హీనం. అతని చూపు నిటారైన వాలు వెంట పైకి పోవాలి కాబట్టి, బండి మూడు నాలుగు మీటర్ల దగ్గరకు వచ్చేవరకు జెండా కనబడదు. అది రెప్పపాటు కాలం. జెండా మంచిదే. ఎదురెదురుగా వచ్చే రెండు బండ్లకు, ఒకదాని జెండా మరొకదానికి కనబడడం వల్ల ఎంతో మేలు. కాని కూర్చున్న మనిషిని అది కాపాడలేదు. నిలుచున్న మనిషిని, అందులోనూ శిఖరం మీద నిలుచున్న మనిషిని మాత్రమే కాపాడగలదు.

కన్ను కాపాడనప్పుడు చెవి కాపాడుతుందని చాలామంది భావిస్తారు. ఇంజను శబ్దం పెద్దదే కదా అనుకొంటారు. కాని ఇసుక దిబ్బ గోడవలె శబ్దాన్ని అడ్డగిస్తుంది. బండి రెండు దిబ్బల నడుమ పల్లంలో ఉన్నంతసేపు దాని శబ్దం సన్నగా వినబడి, శిఖరం మీదికి రాగానే ఒక్కసారిగా మీద పడుతుంది. గాలి కూడ శబ్దాన్ని ఒక వైపుకే మోసుకొనిపోతుంది. వాయవ్యపు గాలి బలంగా వీచే వేసవి మధ్యాహ్నం, ఆగ్నేయం నుండి వచ్చే బండి చాలా దగ్గరకు వచ్చేదాకా వినబడదు. పైగా సముద్రపు హోరు ఉండనే ఉంది. ఇన్ని అడ్డంకులు ఉండగా, చెవులకు ఇయర్‌ఫోన్లు పెట్టుకొని పాటలు వింటూ నడిచేవాడు ఉన్న ఒక్క సాధనాన్నీ తానే మూసుకొన్నవాడవుతాడు.

శబ్దం విని పక్కకు తప్పుకొన్న తరువాత కూడ తొందరపడరాదు. ఇసుకలో బండ్లు ఒంటరిగా రావడం అరుదు. దిగబడితే లాగడానికి తోడు కావాలి కాబట్టి నాలుగైదు కలిసి వస్తాయి. మొదటిది వెళ్లిపోగానే గాడిలోకి వచ్చిన పాదచారి రెండవదానికి ఎదురవుతాడు. నడిపేవారిలో ఒక చక్కని ఆచారం ఉంది. ముందున్నవాడు ఎదురైనవారికి చేతివ్రేళ్లు చూపి, తన వెనుక ఇంకా ఎన్ని బండ్లు వస్తున్నాయో తెలియజేస్తాడు. ఆ సంజ్ఞను పలకరింపుగా భావించి చేయి ఊపి ముందుకు నడిచేవారు ఉంటారు. అది పలకరింపు కాదు, లెక్క.

గాడిని గురించి మరొక మాట చెప్పాలి. లోతైన గాడిలో పడిన చక్రం ఆ గాడి వెంటనే పోతుంది. గట్టి రోడ్డు మీద వలె చక్రాన్ని పక్కకు త్రిప్పగానే బండి పక్కకు రాదు. గట్టిగా త్రిప్పితే ముందు చక్రాలు ఇసుకను తవ్వుకొంటూ నేరుగానే జారుతాయి. అప్పుడు బండి ఎటు పోతుందో నడిపేవాడు కూడ చెప్పలేడు. అందువల్ల ఎదురైనప్పుడు తప్పుకోవలసినది పాదచారే. బండి చూచుకొని తప్పుకొంటుందిలే అని గాడిలో నిలబడడం, దారి తనదే అన్న హక్కు మీద నిలబడడం వంటిది. ఆ హక్కు నిజమే కావచ్చు. ఇసుకలో ఘర్షణకు ఆ సంగతి తెలియదు.

వాహనాలు తిరిగే తిన్నెల మీద నడవవలసి వచ్చినప్పుడు అనుభవజ్ఞులైన పాదచారులు కొన్ని పద్ధతులు పాటిస్తారు. చక్రాల జాడకు సమాంతరంగా, పదిపదిహేను మీటర్లు దూరంగా, కాళ్లు కొంత ఎక్కువ దిగినా ఓర్చుకొని నడుస్తారు. జాడను దాటవలసి వస్తే అడ్డంగా, త్వరగా దాటుతారు. దిబ్బను దాటేటప్పుడు బండ్ల జాడ లేని పక్క కొసను ఎంచుకొంటారు. శిఖరానికి కొంచెం క్రిందనే ఒక్క నిమిషం ఆగి, చెవి ఒగ్గి విని, తల పైకి వచ్చేంతవరకు మాత్రమే ఎక్కి, నలుదిక్కులా చూచి, ఆ తరువాత దాటుతారు. దాటినవారు అక్కడ ఆగరు. విశ్రాంతి కావాలంటే తిన్నెల నడుమ ద్వీపాల వలె మిగిలిపోయిన చెట్ల గుంపుల దగ్గరకు పోతారు. ఒరెగాన్‌లో అటువంటివి అక్కడక్కడ ఉన్నాయి. చెట్ల మొదళ్ల దాపున కూర్చున్నవారి మీదికి బండి వచ్చే అవకాశం తక్కువ.

దుస్తుల రంగు కూడ చిన్న విషయం కాదు. ఎండలో చల్లగా ఉంటాయని తెలుపు, లేత పసుపు, గోధుమరంగు బట్టలు వేసుకొనడం సహజం. అవి ఇసుకలో కలిసిపోయే రంగులు. పైకి కనబడే ఎర్రని లేక నారింజరంగు చొక్కా గాని, వీపు సంచికి కట్టిన రంగుగుడ్డ గాని ప్రాణాన్ని నిలుపగలదు. వేళ కూడ ముఖ్యమే. ప్రొద్దున్న, సాయంకాలం ఏటవాలుగా పడే వెలుగులో దిబ్బల నీడలు స్పష్టంగా కనిపిస్తాయి. అయితే సూర్యునికి ఎదురుగా వచ్చే బండివానికి ఏమీ కనబడదు. నడినెత్తిన ఎండలో నీడలు పోయి, ఎత్తుపల్లాలన్నీ ఒకే తెల్లని పరపువలె తోస్తాయి. ఒరెగాన్ తీరంలో వేసవి ఉదయాలలో పొగమంచు కమ్మడం కూడ సాధారణం. పొగమంచు ఉన్నంతసేపు బండ్లు తిరిగే చోటికి పోకపోవడమే మంచిది.

ఇసుక మీది జాడలను చదవడం ఒక విద్య. అంచులు పదునుగా ఉన్న చక్రపు గుర్తు కొత్తది. అంచులు మొక్కబోయి, గాలి గీతలు దాని మీద పడి ఉంటే పాతది. తెడ్ల టైరు నిచ్చెన మెట్లవంటి ముద్ర వేస్తుంది. ఆ మెట్లు ఉన్న వాలు బండ్లు వేగంగా ఎక్కే వాలు అని తెలుసుకోవాలి. ఈ విద్యకు ఒక హద్దు ఉంది. బలమైన గాలి కొన్ని గంటలలోనే అన్ని జాడలను తుడిచివేస్తుంది. జాడ లేదు కాబట్టి బండ్లు రావు అనుకొనడం తగదు. ఆ గాలే పాదచారి అడుగుజాడలను కూడ చెరిపివేస్తుంది. వచ్చిన దారిని అడుగుల గుర్తులతో తెలుసుకొని తిరిగి పోవాలనుకొన్నవారు ఇసుకలో దారి తప్పుతారు.

ఒరెగాన్ రాష్ట్రంలో తెలుగువారు లేకపోలేదు. పోర్ట్‌లాండ్ నగరం చుట్టూ హిల్స్‌బరో, బీవర్టన్ పట్టణాలలో చిప్‌ల పరిశ్రమలోను, సాఫ్ట్‌వేర్ రంగంలోను పనిచేసే తెలుగు కుటుంబాలు నివసిస్తున్నాయి. అక్కడి విశ్వవిద్యాలయాలలో తెలుగు విద్యార్థులు చదువుతున్నారు. సెలవు దినాలలో మూడు నాలుగు గంటలు ప్రయాణించి సముద్రతీరానికి పోవడం అక్కడ అందరికీ అలవాటు. సముద్రపు ఒడ్డు అనగానే విశాఖపట్నమో, సూర్యలంకో, మచిలీపట్నమో మనసులో మెదలడం, ఇసుక అనగానే చెప్పులు చేతబట్టుకొని నిర్భయంగా పరుగెత్తడం సహజం. అక్కడి ఇసుక మీద మోటారు వాహనాలకు చట్టబద్ధమైన చోటు ఉంటుందన్న సంగతి కొత్తగా వెళ్లినవారికి తట్టదు. వెళ్లే ముందు అటవీశాఖ పటంలో ఏ భాగం వాహనాలకు తెరచి ఉందో, ఏ భాగం మూసి ఉందో చూచుకొనడానికి పట్టేది అయిదు నిమిషాలు మాత్రమే.

ఆ విభజనకు ఒక చరిత్ర ఉన్నది. 1972 ఫిబ్రవరిలో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ ఒక కార్యనిర్వాహక ఉత్తర్వు జారీచేశాడు. ప్రభుత్వ భూములలో రోడ్డు విడిచి తిరిగే వాహనాలకు ఏ ప్రదేశాలు అనుమతించాలో, ఏవి అనుమతించరాదో సంబంధిత శాఖలు నిర్ణయించాలని, ఆ నిర్ణయంలో నేల రక్షణ, వన్యప్రాణుల రక్షణతోపాటు అందరి భద్రతను, వాహనాలకూ ఇతర సందర్శకులకూ మధ్య ఘర్షణ తగ్గించడాన్ని దృష్టిలో ఉంచుకోవాలని అది ఆదేశించింది. 1977లో అధ్యక్షుడు కార్టర్ దానిని మరింత బలపరచాడు. ఒరెగాన్ తిన్నెలకు 1994లో రూపొందించిన నిర్వహణ ప్రణాళిక కొన్ని భాగాలను వాహనాల స్వేచ్ఛా విహారానికి, కొన్నింటిని గుర్తించిన బాటల మీద మాత్రమే వాహనాలు పోవడానికి కేటాయించి, మరికొన్నింటిని పాదచారులకు విడిచిపెట్టింది. ఈ పద్ధతి ఇరుపక్షాలనూ పూర్తిగా తృప్తిపరచలేదు. నడిచేవారు తమకు నిశ్శబ్దం చాలలేదంటారు. నడిపేవారు తమకు ఇసుక చాలలేదంటారు. అయినా హెచ్చరిక పలకలు ఎన్ని పెట్టినా సాధ్యం కానిది ఈ ఎడబాటు వల్ల సాధ్యమవుతుంది. ఒక సెకను వ్యవధిలో ఇద్దరు మనుషులు సరైన నిర్ణయం తీసుకోవాలని ఆశించే ఏర్పాటు కంటే, వారిద్దరూ ఎదురుపడనవసరం లేని ఏర్పాటు మేలైనది.

కాలిఫోర్నియా ఆగ్నేయ మూలలో ఉన్న ఆల్గొడోనీస్ తిన్నెలు ఇందుకు స్పష్టమైన ఉదాహరణ. అక్కడ 78వ నంబరు రహదారి తిన్నెలను అడ్డంగా కోస్తుంది. రహదారికి ఉత్తరాన ఉన్న తిన్నెలను 1994 నాటి చట్టం వాహనాలు పోరాని నిర్జన రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. దక్షిణాన ఉన్నవాటిలో అధికభాగం వాహనాలది. నవంబరు చివర వచ్చే థాంక్స్‌గివింగ్ పండుగ సెలవులలో దక్షిణాన లక్షకు పైగా జనం చేరుతారు. ఇసుక వేస్తే రాలనంత జనం అనే తెలుగు మాటను అక్కడ వాడితే, వేయడానికి ఇసుకకు మాత్రం కొదువ ఉండదు. ఆ రోజులలోనే రహదారికి ఉత్తరాన నడిచేవానికి గాలి చప్పుడు తప్ప మరొకటి ఎదురు కాదు. రెంటి నడుమ ఉన్నది ఒక్క తారురోడ్డు.

ఇటువంటి ఎడబాటు వీలుకాని చోట్లు కూడ ఉన్నాయి. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ తీరాన ప్రపంచంలోకెల్లా పెద్ద ఇసుక ద్వీపం ఉంది. చిరకాలం ఫ్రేజర్ ద్వీపమని వ్యవహరించిన దీనికి 2023లో అక్కడి ఆదివాసుల భాషలోని గారి అనే పూర్వనామాన్ని అధికారికంగా పునరుద్ధరించారు. ఆ ద్వీపంలో తారురోడ్ల వ్యవస్థ లేదు. తూర్పు సముద్రపు ఒడ్డే రహదారి. దాని మీద గంటకు 80 కిలోమీటర్ల వరకు వేగాన్ని అనుమతిస్తారు. చిన్న విమానాలు సైతం ఆ ఒడ్డు మీదనే దిగుతాయి. అదే ఒడ్డున పిల్లలు గవ్వలు ఏరుకొంటారు, పెద్దలు గాలాలు వేస్తారు. అలల హోరులో వెనుక వచ్చే వాహనం వినబడదు. తడి ఇసుక గట్టిగా ఉంటుంది కాబట్టి వాహనానికీ అదే అనువు, నడకకూ అదే అనువు. ఇద్దరూ కోరుకొనేది ఒకే సన్నని పట్టీ. అందుకని అక్కడ నడిచేవారు సముద్రానికి వీపు త్రిప్పకుండా, వాహనాల వరుసకు వీపు త్రిప్పకుండా రెండింటినీ కనిపెట్టుకొని ఉండాలి. రెండింటినీ ఒకేసారి కనిపెట్టడం పిల్లలవల్ల అయ్యే పని కాదు. వారి చేయి పట్టుకొనే పెద్ద ఒకరు ఉండి తీరాలి.

వాహనాలు లేనంత మాత్రాన ఇసుక నిరపాయకరమని కాదు. ఒరెగాన్‌లో వానకాలంలో దిబ్బల నడుమ పల్లాలలో నీరు నిలిచి ఊబి ఏర్పడుతుంది. పైకి మామూలు తడి ఇసుకవలె కనబడి, కాలు మోపగానే మోకాలి వరకు దిగుతుంది. ఇండియానా రాష్ట్రంలో మిచిగన్ సరస్సు ఒడ్డున ఉన్న మౌంట్ బాల్డీ అనే దిబ్బ మీద 2013లో ఆరేళ్ల బాలుడు ఒక గుంతలో పడి, మూడు గంటలకు పైగా ఇసుకలో కూరుకొనిపోయి, అద్భుతంగా ప్రాణాలతో బయటపడ్డాడు. కదిలే దిబ్బ ఏనాడో కప్పివేసిన చెట్టు లోలోపల కుళ్లిపోయి, దాని స్థానంలో మిగిలిన బోలు అది. ఇసుక కింద ఏమున్నదో ఇసుక చెప్పదు.

ఒరెగాన్ తిన్నెలలో పాదచారులకు ప్రత్యేకించిన దారి ఒకటి రీడ్స్‌పోర్ట్ పట్టణానికి దక్షిణాన ఉంది. ఈ వినోద ప్రదేశం ఏర్పడడానికి కృషిచేసిన పార్లమెంటు సభ్యుడు జాన్ డెలెన్‌బాక్ పేరు దానికి పెట్టారు. దారి కొంతదూరం అడవిలో నడిచి ఇసుకలోకి వచ్చి ఆగిపోతుంది. అక్కడి నుండి బాట అంటూ ఏదీ లేదు. దూరదూరాన నీలిరంగు పట్టీ వేసిన కొయ్య స్తంభాలు మాత్రం నిలిచి ఉంటాయి. వాటిని గురిగా పెట్టుకొని, ఎవరికి వీలైన వాలున వారు నడిచి, దిబ్బలను, గడ్డి పల్లాన్ని దాటి సముద్రాన్ని చేరాలి. శీతాకాలంలో ఆ పల్లంలో నీరు నిలుస్తుంది. మార్చి 15 నుండి సెప్టెంబరు 15 వరకు ఒడ్డున స్నోయీ ప్లోవర్ అనే చిన్న పక్షి పొడి ఇసుకలో గుడ్లు పెడుతుంది. అది ఇసుకరంగులోనే ఉంటుంది. దాని గుడ్లూ ఇసుకరంగువే. ఎవరి కంటికీ కనబడకుండా ఉండడమే దానికి రక్షణ, అదే దానికి ప్రమాదం కూడ. అందుచేత ఆ ఆరు నెలలూ, పక్షుల కోసం గుర్తించిన మేర నడిచేవారు అల తడిపిన ఇసుక మీదనే నడవాలి. తిరుగు ప్రయాణంలో సముద్రపు గట్టు ఎక్కగానే తాము వచ్చిన అడుగుల కోసం వెదకుతారు. చాలాసార్లు అవి ఉండవు. మొదటి నీలి పట్టీ స్తంభం కనబడేవరకు ఆగి చూచి, దాని వైపు నడక సాగిస్తారు.